నారింజ తొనల కోచ్

చక్రపాణి గారు రోజూ పొద్దున్నే ఐదున్నరకి గరాజ్‌లో లైటు వేసేవారు. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా ఎదురిల్లే ఆయనది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి కిటికీ తెర తీసేసరికి, వల సంచిలోంచి ఒక్కొక్క బంతీ తీసి బొటనవేలితో నొక్కి చూస్తూ ఉండేవారు. మెత్తబడిన దానికి గాలి కొట్టేవారు. ముందు పంపు సూదిని కొబ్బరినూనెలో ముంచేవారు, పొడి సూది గుచ్చితే లోపల చిరుగుతుందని. మోకాలి లోతు మంచు పడి మైదానాలు మూసేసిన జనవరిలో కూడా మానలేదు. ఇప్పుడెందుకండీ అని ఒకసారి అడిగాను.

"మీరు దీపం ఎండాకాలంలోనే పెడతారా అక్కా?" అన్నారు.

ఆయన పెరిగింది సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. ఫుట్‌బాల్ అక్కడ చెప్పుల్లేకుండా నేర్చిన ఆట. ఇక్కడ కార్ల సీట్లు చేసే కంపెనీలో ఇంజినీరు. ఆయనకీ భార్యకీ పిల్లల్లేరు. ఎనిమిదేళ్లుగా ఊరి లీగ్‌లో, పదేళ్ల లోపు పిల్లల సాకర్ టీమ్‌కి జీతం లేని కోచ్. ఆ లీగ్‌లో ఎవరొచ్చినా చేర్చుకుంటారు. బాగా ఆడే పిల్లాడికెంత సేపో, బంతి వస్తే పక్కకి తప్పుకునే పిల్లకీ అంతే సేపు ఆట ఇచ్చేవారాయన. అందుకే తరచూ ఓడిపోయేవాళ్లు.

ఆయన పోరాటమల్లా గీత అవతల నిలబడి అరిచే అమ్మానాన్నలతో. "అందరూ రిమోట్లు పట్టుకుని వస్తారు. పిల్లల్లో బ్యాటరీ అయిపోతోంది" అనేవారు. ఒక ఉపాయం కనిపెట్టారు. శనివారం ఆట మొదలయ్యే ముందు డబ్బా పట్టుకుని వరసన తిరుగుతూ, ఒక్కొక్కరికీ ఒక నారింజ తొన ఇచ్చేవారు. విరామం దాకా నమలకుండా బుగ్గన పెట్టుకోవాలి. అరిస్తే తొన జారుతుంది. జారిందో, వచ్చే వారం డబ్బాడు నారింజలు వలిచి తేవాల్సింది వాళ్లే. మా వీధి శ్రీధర్ దాదాపు ప్రతి వారమూ వలిచాడు. వాళ్లబ్బాయి ప్రణవ్ ఆ టీమ్‌లో అందరికన్నా బాగా ఆడేవాడు మరి.

ఆ టీమ్‌లోనే హాసిని ఉండేది. ఎనిమిదేళ్ల పిల్ల. ఆదివారం గుడిలో నా దగ్గర పద్యాలు నేర్చుకునేది. పెదవి కదిలేది గాని మాట వినపడేది కాదు. బడిలోనూ అంతేనని వాళ్లమ్మ పద్మిని దిగులు పడేది. 2013 అక్టోబరులో ఒక శనివారం, చలిగాలిలో, ఆ పిల్ల చెయ్యెత్తి గట్టిగా, "ప్రణవ్, ఇటు!" అని కేక వేసింది. బంతి వచ్చింది. గోల్ కాలేదు. అయినా గీత అవతల ఇరవై మందీ బుగ్గల్లో తొనలతో అలాగే నిలబడిపోయారు. పద్మిని కళ్లు కారుతున్నాయి, తొన మాత్రం జారనివ్వలేదు.

మరుసటి ఏప్రిల్‌లో చక్రపాణి గారు ఒక పని చేశారు. ఫీజు పుచ్చుకుని పిల్లల్ని పక్క రాష్ట్రాల దాకా తిప్పి ఆడించే క్లబ్బులుంటాయి ఇక్కడ. అలాంటి క్లబ్ కోచ్ ఒకాయన్ని, మా పిల్లలకి ఒక రోజు నేర్పండి అని తనే వెళ్లి పిలిచారు. తనకి తెలియని మెళకువలు పిల్లలకి అందాలని ఆశ. ఆ కోచ్ ఉచితంగా వచ్చి, ఓపికగా రెండు గంటలు నేర్పాడు. వెళ్లేముందు ఒక అట్ట మీద కాగితం పెట్టి పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు రాయించుకున్నాడు. అట్ట గాలికి ఎగరకుండా పట్టుకున్నది చక్రపాణి గారే.

జూన్‌లో ఆ క్లబ్ సెలెక్షన్స్‌కి రమ్మని అందరికీ కబురొచ్చింది. హాసిని కూడా వెళ్లింది, చొక్కాకి నంబరు కాగితం పిన్ను పెట్టుకుని. ప్రణవ్‌నీ, మరో ఐదుగురినీ తీసుకున్నారు. హాసిని ఇంటికి ఫోన్ రాలేదు. ఆ కాగితాన్ని మూడు రోజులు చొక్కాకే ఉంచుకుందట.

శ్రీధర్ గుడి మెట్ల దగ్గర చెప్పాడు, తలొంచుకుని. "తప్పుగా అనుకోకండి చక్రపాణి గారూ. ఇప్పట్నించే క్లబ్‌లో లేకపోతే హైస్కూల్ టీమ్‌లో చాన్సే ఉండదట."

"ఆడించండి, బాగా ఆడతాడు" అన్నారాయన.

ఆ వేసవిలో వరల్డ్ కప్. ఆఫీసుల్లో, హోటళ్లలో ఎక్కడ చూసినా టీవీల ముందు జనం. ఈ దేశానికి ఇన్నాళ్లకి సాకర్ పిచ్చి పట్టిందని అందరూ సంబరపడుతున్న రోజుల్లోనే, చక్రపాణి గారు కొత్త పిల్లల పేర్ల కోసం ఇండియన్ స్టోర్ గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఆగస్టు పదిహేను లోపు తొమ్మిది పేర్లుంటేనే టీమ్. మిగిలిన పాతవాళ్లతో కలిపి నలుగురు తేలారు. ఐదో పిల్లని తెచ్చేసరికి ఇంకొకరు క్లబ్‌కి వెళ్లిపోయారు. లీగ్ ఆఫీసులో పేర్లు రాసుకునే ముసలావిడ, ఎవరికీ చెప్పకుండా ఇంకో రెండు రోజులు జాబితా తెరిచే ఉంచింది. ఆ తల్లికి పుణ్యం ఉంటుంది. కాని ఆ రెండు రోజుల్లోనూ ఎవరూ రాలేదు.

మిగిలిన పిల్లల్ని వేరే ఊరి టీమ్‌లో వేస్తామన్నారు లీగ్ వాళ్లు. కారులో అరగంట. పద్మినికి డ్రైవింగ్ రాదు. భర్త శనివారం కూడా ఆఫీసుకే. నేను దింపుతానమ్మా అని చక్రపాణి గారు వాళ్లింటికి వెళ్లారు. హాసిని గదిలోంచి బయటికి రాలేదు. నేను బాగా ఆడలేదనే టీమ్ పోయింది, ఇంక ఆడను అందట వాళ్లమ్మతో.

ఆ మర్నాడు గరాజ్‌లో లైటు వెలగలేదు. ఆ పై రోజూ అంతే. ఆదివారం నేను గుడికి బయల్దేరుతుంటే రోడ్డు దాటి వచ్చారు. గడ్డం గీసుకోలేదు. చేతిలో ఒక్కటే బంతి. నా కారు వెనక సీట్లో పెట్టి, బెల్టు కూడా తగిలించారు. దాని దగ్గర కొబ్బరినూనె వాసన వేసింది.

"ఇది హాసినికి ఇవ్వండి అక్కా. ఇంకొకటి అడుగుతా, కాదనకండి. టీమ్ పోయింది ఆ పిల్ల వల్ల కాదు, ఆ క్లబ్బాయన్ని పిలుచుకొచ్చింది నేనని చెప్పండి. నేను చెప్తే, ఓదార్చడానికి అంటున్నాననుకుంటుంది. మీరు అబద్ధం ఆడరని దానికి తెలుసు. మీరు చెప్పండి."