కోడియాక్ దీవిలో పదో పిల్ల

మా పెద్దమ్మ కూతురు పద్మక్క అలాస్కాలోని కోడియాక్ దీవిలో ఒక చిన్న ఊళ్లో టీచరు. ఊరికి ఒకటే బడి, బడికి ఆమె ఒక్కతే టీచరు. "ఒరేయ్ వంశీ, చూడాలనుకుంటే ఈ అక్టోబర్‌లోనే రా. నాకున్నది పదిమందే పిల్లలు. ఈ నెలలో ఇరవై బడిరోజులు తలలు లెక్కపెడతారు. సగటు పదికి కాస్త తగ్గినా గ్రాంట్ ఆగిపోతుంది, బడి మూసేస్తారు. నా జాబ్ పోతుంది, దాంతో వీసా కూడా," అని ఫోన్‌లో చెప్పింది. రెండేళ్లుగా 'సమ్మర్‌లో వస్తాలే అక్కా' అంటూ తప్పించుకుంటున్న నాకు సిగ్గేసింది. పార్సిప్పనీలో మా ఇంటి సోఫాలోంచే ఐదు రోజుల సెలవుకి మెయిల్ పెట్టి, టికెట్ బుక్ చేశాను.

ఆదివారం ఉదయం ఆరింటికి నెవార్క్‌లో బయలుదేరి సియాటిల్‌లో ఒకసారి, యాంకరేజ్‌లో ఒకసారి విమానం మారాను. గడియారం నాలుగు గంటలు వెనక్కి తిప్పుకున్నా కోడియాక్‌లో దిగేసరికి సాయంత్రమైంది. హవాయి పెద్ద దీవి తర్వాత అమెరికాలో ఇదే పెద్ద దీవి. పైనుంచి చూస్తే కొండల వెనక కొండలు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం, అన్నిటి మీదా ముసురు. జనంలో ఎక్కువమంది ఒక మూలనున్న పట్నం చుట్టూనే ఉంటారు. మిగతా తీరమంతా తిరిగితే తరతరాలుగా చేపల మీద బతికే అల్యూటిక్ జనాల ఊళ్లు నాలుగైదు కనిపిస్తాయి, అంతే. లోపలంతా ఎలుగుబంట్లదే రాజ్యం.

నా తెలివితేటలు దిగీదిగగానే బయటపడ్డాయి. మ్యాప్‌లో అక్క ఊరు నలభై మైళ్లే కదా, రోజూ ఆఫీస్‌కి డ్రైవ్ చేసే దూరమే కదా అని కారు రెంట్ చేసి పెట్టుకున్నాను. కౌంటర్‌లో ఉన్న ఫిలిపినో పెద్దాయన ముప్పై ఏళ్లు ఇక్కడి చేపల ఫ్యాక్టరీలో పనిచేశాడట. నేను వెళ్లాల్సిన ఊరి పేరు విని నవ్వాడు.

"రోడ్డెక్కడుంది బాబూ? ఈ మూల దాటితే చిన్న విమానం, లేకపోతే పడవ."

"ఎవరికైనా జబ్బు చేస్తే?"

"అదే విమానం."

"పొగమంచు కమ్మితే?"

ఆయన కారు తాళాలు తిరిగి కొక్కేనికి తగిలించాడు.

సోమవారం పొద్దున్నే చిన్న విమానాల ఆఫీసుకి వెళ్లాను. ఉత్తరాలు, సరుకులతో పాటు మనుషుల్నీ తీసుకెళ్తారు. రానూపోనూ నాలుగు వందల డాలర్ల పైనే. కౌంటర్‌లో ఆవిడ నన్నూ, ఆవకాయ సీసాలున్న నా బ్యాగునీ కలిపి కాటా ఎక్కించింది. ఆ తర్వాత బయటికి చూపించింది. రన్‌వే చివర కూడా కనిపించనంత మంచు. సోమవారమంతా అంతే, మంగళవారమూ అంతే. గురువారం మధ్యాహ్నానికల్లా నేను తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి. అక్కకి ఫోన్ చేసి ఏడుపుగొట్టు గొంతుతో చెబితే, "తొందరేముందిరా, మంచుంటే ఉండనీ," అంది. ఒళ్లు మండింది. ఇంత దూరం వస్తే రావద్దన్నట్టు మాట్లాడుతుందేమిటి! పంతానికి పోయి, మంచు విడిపోతే కొబ్బరికాయ కొడతానని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం విడిపోయింది. "ఎక్కండి, అవతల కూడా ఇద్దరు వెయిట్ చేస్తున్నారు," అంది కౌంటర్‌లో ఆవిడ. సిగ్గు విడిచి చప్పట్లు కొట్టాను.

అరగంటలో కంకర రన్‌వే మీద దిగాం. రెయిన్‌కోటులో అక్క కనిపించింది. నా వైపు రాలేదు. ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఆ పిల్ల తల్లి, రెండు సూట్‌కేసులు. వెనక మిగతా తొమ్మిదిమంది పిల్లలు. మళ్లీ మంచు దిగుతోందని పైలట్ తొందరపెట్టాడు. నేను లేచొచ్చిన సీట్లోనే ఆ పిల్ల కూర్చుంది. విమానం వెళ్లిపోయాక గానీ అక్క నన్ను చూడలేదు.

"భోంచేశావా?" అంది.

"ఎవరక్కా వాళ్లు?"

"లీనా అని, నా పదో పిల్ల. వాళ్ల నాన్నకి యాంకరేజ్‌లో పని దొరికింది. ఈ శుక్రవారంతో లెక్క అయిపోయేదిరా. ఇంక రెండే రోజులు."

"ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు మరి?"

"ఏం చెప్పను? నాన్న దగ్గరికి వెళ్దామని ఆ పిల్ల రోజూ ఆకాశం వంక చూస్తుంటే, నేను మాత్రం ఈ మంచు పోకూడదని కోరుకుంటున్నానని చెప్పనా?"

ఇంటికి నడిచే దారిలో తలుపులకి చెక్కలు కొట్టేసిన ఇళ్లు ఏడు కనిపించాయి. ఆ రాత్రి అక్క ఆవకాయ సీసా మూత కూడా తియ్యలేదు.

మర్నాడు బడికి తీసుకెళ్లింది. హాజరు తెలుగు అంకెల్లో చెప్పడం అక్క పిల్లలకి నేర్పిన ఆట. ఒక్కొక్కరూ తమ అంకె అరిచారు. తొమ్మిది దగ్గర ఆగింది. ముందు బల్ల మీది చిట్టి పిల్ల నా వైపు వేలు చూపించి, "యూ సే ఇట్," అంది. "పది," అన్నాను. అక్క రిజిస్టర్‌లో తొమ్మిదే వేసింది.

నేను రాకపోయినా విమానం వచ్చేదే, లీనా వెళ్లేదే. నాకు తెలుసు. అయినా ఆ సీటు గుర్తొస్తే మనసు పాడవుతుంది. బడి పోతే పిల్లలున్న ఇళ్లవాళ్లు పట్నానికి వెళ్లిపోతారు. ఇంత పెద్ద దీవిలో ఇంకొక ఊరు మ్యాప్ మీద పేరుగా మిగులుతుంది. అక్క ఇప్పుడు వేరే జాబ్‌కి అప్లై చేస్తోంది. మీరు కోడియాక్ ప్లాన్ చేసుకుంటుంటే కారు కన్నా ముందు చిన్న విమానం సీటు అడగండి, మంచు కోసం కనీసం రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. మంచు కమ్మితే పోగొట్టమని మాత్రం ఏ దేవుడినీ అడక్కండి. నేను మొక్కుకున్న కొబ్బరికాయ ఇంకా కొట్టలేదు.