దుమ్ము దులపకూడని కారు

మా అక్కను కే.జీ.కండిగైలో ఇచ్చారు. నేను తిరువళ్ళూరులో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాను. సెలవు దొరికితే లోకల్ రైలెక్కి తిరుత్తణిలో దిగి, అక్కడి నుంచి బస్సులో అక్కా వాళ్ళింటికి పోతాను. ఆ ఇంటి వెనక మగ్గాల షెడ్డు ఉంది. మగ్గాలు ఎప్పుడో తీసేశారు. వాటి చోటులో ఒక కారు మిగిలింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు భాగం మాత్రం లేనిపోని పొడుగు. ఒకప్పుడు ఎరుపు రంగట.

బావ తండ్రి చీరల వ్యాపారి. మద్రాసులో ఒక సినిమా నిర్మాత ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, బీరువా కొనడానికి పోయి ఈ కారు కొనుక్కొచ్చాడు. ఇంగ్లండులో తయారైన పందెపు బండి. తిరుత్తణి కొండ కింద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరికి బయలుదేరాడు. కప్పు లేదు కదా, గాలికి ఆయన పంచె ఎగిరి ముఖానికి చుట్టుకుంది. బండి చెరుకు తోటలోకి పోయి ఆగింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ అందులో కాలు పెట్టలేదు. కొన్నాళ్ళకు లోపల ఏదో విరిగింది. దానికి బదులు ముక్క దేశంలో ఎక్కడా దొరకలేదు. షెడ్డులోకి తోసేశారు.

మా అక్క కొత్త కోడలిగా వెళ్ళిన రోజుల్లో, ఇది నడుస్తుందా అని బావను అడిగిందట. "నడిచేదైతే ఈడేంటికి ఉంటాది" అన్నాడాయన. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది. అక్క దాని మీద నూలు చిలపలు ఆరేసింది, మిరపకాయలు ఎండబెట్టింది. కోళ్ళు డ్రైవరు సీటులో గుడ్లు పెట్టాయి. బావ దాన్ని "ఆ డబ్బా" అనేవాడు. పాత ఇనుము కొనేవాడిని పిలిచి ఊరికే తీసుకుపొమ్మన్నా వాడు వద్దన్నాడు. ఎందుకంటే షెడ్డు వాకిలికి అడ్డంగా బావ బాత్రూం కట్టించాడు. కారు బయటికి రావాలంటే బాత్రూం కూలాలి.

ఇలా ఉండగా అక్క కూతురు ఆ సీటులో పొదుగుతున్న కోడిని ఫోటో తీసి, నవ్వులాటకి ఫోన్లో పెట్టింది. జనం కోడిని చూసి నవ్వారు. చెన్నైలో పాత కార్లు వేలం వేసే కంపెనీ వాళ్ళు మాత్రం కోడి కింద ఉన్నదాన్ని చూశారు.

వచ్చినవాడు కుర్రవాడే, నల్ల కళ్ళద్దాలు. షెడ్డు ముందు బూట్లు విప్పాడు. గుళ్ళోకి పోయినట్టు తల వంచి, సందులోంచి దూరి లోపలికి వెళ్ళాడు. కారు చుట్టూ తిరిగాడు, కింద పడుకుని చూశాడు, ఇంజను మీది అంకెలకు టార్చి వేశాడు. బయటికొచ్చి ఇలాంటివి దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అన్నాడు. తర్వాత "బార్న్ ఫైండ్" అన్నాడు, గొంతు తగ్గించి.

బావ నా వైపు చూశాడు. గొడ్ల చావిట్లో దొరికిన బండి అని అర్థం చెప్పాను.

"మాది గొడ్ల చావిడి గాదు, మగ్గాల షెడ్డు. ఆ మాట రాసుకోమను" అన్నాడు బావ.

ఆ సాయంత్రం నుంచి ఆయన వేరే మనిషి. డబ్బా పోయి "నాయన బండి" వచ్చింది. ఆ బండిలో తాను బడికి వెళ్ళేవాడినని చెప్పసాగాడు. ఆయన బడి ఆ వీధి చివరే ఉంది. నిర్మాత ఇంట్లో ఉన్నప్పుడు దానిలో ఒక హీరోయిన్ తిరిగేదని కూడా కలిపాడు. ఆమె పేరు మాత్రం రోజుకొకటి చెప్పేవాడు.

వార్త కవరైపేట్టైకి పాకింది. అక్కడ ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా ఉన్న బావ తమ్ముడు మరుసటి ఆదివారం మైసూరుపాకు డబ్బాతో దిగాడు. తండ్రి తద్దినానికి కూడా డ్యూటీ ఉందని రాని మనిషి. నేరుగా షెడ్డులోకి పోయి, స్టీరింగు మీద తల ఆనించి కళ్ళు తుడుచుకున్నాడు.

"నాయన వాసన వస్తా ఉండాది వదినా" అన్నాడు.

"అది ఎలకల వాసన అబ్బాయ్. లేసి కాఫీ తాగు" అంది అక్క.

అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన మొదటి పని బాత్రూం కూల్చడం. తలుపు సరిగ్గా పడటం లేదు, బాగుచేయించమని అక్క ఏళ్ళ తరబడి అడిగితే తీరిక లేదన్న బావ, తానే గడ్డపార పట్టాడు. ఇంటిల్లిపాదీ స్నానానికి పక్కింటికి పోవలసి వచ్చింది. దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు, వారసత్వ సంపద విషయం.

తర్వాత ఫోటోలు తీయడానికి మనుషులు వస్తారని కబురొచ్చింది. ఇంటికి చుట్టాలొస్తే అక్క ఏం చేస్తుందో అదే చేసింది. సబ్బునీళ్ళు కలిపి, కొబ్బరి పీచుతో కారంతా తోమి, ఎర్రగా తేల్చి పెట్టింది. నేను వెళ్ళేసరికి అది అరుగు మీద బిందెలా మెరుస్తోంది. అక్క చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ మురిసిపోతోంది. అప్పుడే బావ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"తుడవద్దంట. దుమ్ము తాకొద్దంట. దుమ్ముకే విలువంట" అని, కారును చూసి అక్కడే కూలబడ్డాడు. "ఎంత పని చేసినావే. నాయన కాలం నాటి దుమ్ము."

"దుమ్ముకు కొదవా మనింట్లో? సుమ్మా ఊరికే ఏడవద్దు, యాడ జూసినా అదే" అంది అక్క.

ఆ మాటే వాళ్ళకు దారి చూపింది. బావ అటక మీది దుమ్ము చేటలో దించాడు. తమ్ముడు దాన్ని పిండి జల్లెడతో జల్లించాడు. టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, గుప్పెడు గుప్పెడు విసురుతూ కారంతా సమానంగా పరిచారు. ఒకచోట ఎక్కువైందని ఒకరు, వెనక తక్కువైందని మరొకరు. ఇద్దరు పెద్దమనుషులు, ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని, కడిగిన కారుకు మురికి పూయడం నేను కళ్ళారా చూశాను. ఫోటోగ్రాఫరు వచ్చి, ఇంత సహజమైన దుమ్ము ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. బావ వినయంగా తల వంచుకున్నాడు.

వాళ్ళతో వచ్చిన మెకానిక్కు ఇంజను పనిలో పడ్డాడు. విదేశం నుంచి తెప్పించిన ముక్కలన్నీ సంచిలో తెచ్చుకున్నాడు. రెండు రోజులు కుస్తీ పట్టాక, కారు దగ్గి, పొగ ఊది, ఉరిమింది. వీధి జనమంతా వచ్చేశారు. వీడియో కోసం దాన్ని వాకిట్లోకి తెచ్చి నిలిపారు.

అప్పుడు అక్క ముందుకొచ్చింది. "ఒక చుట్టు నేను పోతా" అంది.

"కూడదమ్మా, సీటు తోలు చీలిపోతాది. ఆ తోలు అప్పటి అసలుది" అన్నాడు కళ్ళద్దాల కుర్రవాడు అరవంలో.

"కోడి కూర్చున్నప్పుడు చీలలేదు గదా" అంది అక్క. అది కూడా అరవంలోనే, అందరికీ అర్థమయ్యేలా. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, తలుపు తీసే పని కూడా పెట్టుకోకుండా, పైనుంచే కాలు వేసి కూర్చుంది. కొంగు నడుముకు బిగించి మెకానిక్కు వైపు చూసింది. "పో నాయినా."

అతను బావను చూడలేదు, కుర్రవాడినీ చూడలేదు. పోనిచ్చాడు.

"దుమ్ము" అని బావ వెంటపడ్డాడు. నిజమే, కారు కదలగానే అన్నదమ్ముల శ్రమంతా పైకి లేచి, వెనక పరిగెత్తుతున్న ఆయన నోట్లోకే పోయింది. అక్క తిరుత్తణి రోడ్డెక్కి, దూరంగా కొండ కనిపించే మలుపు దాకా పోయి తిరిగొచ్చింది. జుట్టంతా రేగిపోయింది. దిగి లోపలికి పోయి నీళ్ళు తాగింది. ఎలా ఉందని నేను అడిగితే, "కిందికుండాది. రోడ్డు తగులుతాదేమో అనిపించింది" అని, జుట్టు ముడేసుకుంటూ, "బాగుండాది" అంది. ఆమె ముఖం అలా ఉండగా నేను చూసి చాలా కాలమైంది.

వేలం చెన్నైలో పెద్ద హోటల్లో జరిగింది. మేమంతా వ్యానులో వెళ్ళాం. బావ పట్టు చొక్కా తొడిగాడు, తమ్ముడు కోటు అద్దెకు తెచ్చాడు. చేతికిచ్చిన మెరుపు కాగితాల పుస్తకంలో కారు గురించి రాసిందాన్ని అక్కకు చదివి చెప్పాను. ఒక నేత కుటుంబం మూడు తరాలుగా ప్రాణంగా చూసుకున్న బండి అట. నిశ్శబ్దంలో విశ్రాంతి తీసుకుందట. ఆ దుమ్ములో కాలమే నిలిచిపోయిందట.

"ఎవురి గురించి ఇది?" అంది అక్క.

పాట మొదలైంది. ఎవరూ నోరు విప్పరు. ఒకడు చెవి గోక్కుంటాడు, ఒకడు పెన్ను ఎత్తుతాడు, ధర పెరిగిపోతుంది. బావ కంగారుపడి చేతులు ఒళ్ళో కట్టుకున్నాడు, పొరబాటున తన కారు తానే కొనుక్కుంటానేమోనని. సుత్తి పడినప్పుడు అన్నదమ్ములు ఒకరినొకరు కావలించుకున్నారు. ఎవరి వాటా ఎంతన్న గొడవ లిఫ్టులోనే మొదలైంది.

కొన్నాయన కోయంబత్తూరు మిల్లు యజమాని. మర్యాదస్తుడు, మా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. తండ్రి జ్ఞాపకాన్ని వదులుకుంటున్నందుకు బాధగా ఉంటుంది కదా అన్నాడు. బావ ఆ మాటకు సిద్ధంగా లేడు, నవ్వేశాడు. అక్క ఆయన్ని అడిగింది, దీన్ని నడుపుతారా అని.

"నడపడమా? లేదమ్మా. దీనికంటూ ఏసీ గది కట్టించాను. అద్దంలోంచి చూసుకుంటాను" అన్నాడాయన.

వ్యానులో అన్నదమ్ములు చెరో కిటికీ పక్కన మూతులు బిగించి కూర్చున్నారు. అక్క నాతో మెల్లగా అంది, "మన షెడ్డులోనించి ఇంగో షెడ్డుకు పోతా ఉండాది, అంతే. దానికన్నా పాత ఇనుపోడు మేలు."

బావ తన వాటాలో కొంత అక్క చేతికీ ఇచ్చాడు. ఇవ్వకపోతే అటక దుమ్ము కథ ఊరంతా చెబుతానని ఆమె అన్నదట. ఆ డబ్బుతో అక్క తిరుత్తణిలో డ్రైవింగు స్కూల్లో చేరింది. తర్వాత వాడిన చిన్న కారొకటి కొంది. ఈ వయసులో ఇదేంటికని బావ అడిగితే తాళంచెవి కొంగున ముడేసుకుంది. పోయిన నెల ఇద్దరూ ఊత్తుకోటలో పెళ్ళికి వెళ్ళారు, నన్ను తిరువళ్ళూరులో ఎక్కించుకున్నారు. కారు ఆగగానే చూశాను. అక్క స్టీరింగు ముందు, పక్క సీటు ఖాళీ, బావ వెనక కూర్చుని రెండు చేతులతో పైనున్న పిడి పట్టుకుని ఉన్నాడు.

"ముందర కూర్చుంటే బ్రేకు బ్రేకు అంటాడు. నువ్వు రా ముందరికి" అంది అక్క నాతో.