మేస్త్రి వేయని నీటిచుక్క

మొన్న మంగళవారం పొద్దున హసన్‌పర్తిలో మేస్త్రి పోయాడు. సిమెంటు నేలలకు పూతలు వేసే మేస్త్రి. కబురు తెలిసీ తెలియగానే ఆటో ఎక్కాను. ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్న వాళ్ళలో ముప్పై ఏళ్ళ కాంట్రాక్టరు ఒకడు పక్కవాడితో అంటున్నాడు.

"కొత్తవాడల రంగుల షెడ్డు నేల లేచిపోయిందంటరు సూడు, గది ఏసింది ఈ మేస్త్రేనట."

అది ఎనభైల మొదట్లో మాట. అప్పటికి వాడు పుట్టనే లేదు.

"ఆ నేల లేవగొట్టింది నేనురా. ఆయన గాదు," అన్నాను.

"నువ్వెవరవ్వా?"

"చెప్త. కూసో."

వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా తప్పును మెత్తగా చేసి రాస్తే ఊరుకోనని దానికి ముందే చెప్పాను.

అది జంపఖానాల నూలుకు రంగులద్దే షెడ్డు. మరిగే రంగునీళ్ళు, యాసిడ్, సోడా పడీ పడీ పాత నేల గుంతలు పడింది. షావుకారు కొత్త సిమెంటు నేల పోయించి, దాన్ని కాపాడే పూత వేయమని మేస్త్రిని పిలిచాడు. నేను ఆయన దగ్గర కూలిపనిలో ఉన్నాను. అప్పటిదాకా నాకు తెలిసిన పని ఒక్కటే, కొత్త సిమెంటు మీద నీళ్ళు నిలబెట్టడం. నేలను ఎండబెట్టే పని ఒకటుంటుందని ఆయన దగ్గరే చూశాను.

ముందు చెప్పులు విడిచి నేలంతా నడిచేవాడు. అరికాలికి పిండిలా తగిలిన చోట సుద్దతో గీత గీసేవాడు. అది పోత పోసినప్పుడు పైకి తేలి ఎండిన సిమెంటు పాల పొర. చూడటానికి నున్నగా ఉంటుంది, దాని మీద ఏ పూతా నిలవదు. నీళ్ళు కలిపిన యాసిడ్ చల్లితే నేల బుస్సుమని నురగలు కక్కేది. తీగబ్రష్‌తో రుద్ది కడిగేవాళ్ళం, మళ్ళీ కడిగేవాళ్ళం. చివరికి నేల సన్నటి ఉప్పుకాగితంలా గరుకు తేలేది.

కడిగాక ఎండబెట్టడం. ప్లాస్టిక్ కాగితం పరిచి అంచుల మీద ఇసుక పోసేవాడు. తెల్లారి ఎత్తి చూస్తే కాగితం అడుగున చెమట పట్టినట్టు నీటిబొట్లు.

"సూస్తానవా చెల్లె? లోపట ఇంక తడి ఉన్నది. నాలుగొద్దులు ఆగాలె."

షావుకారు వచ్చి ఎగతాళి చేసేవాడు. "ఏం మేస్త్రీ, నేలకు పెండ్లి చేస్తానవా? రంగే గద, పూసి పారెయ్!"

"రంగు గాదు షావుకారూ, తోలు. నేలకు కొత్త తోలు వస్తాంది. జర ఓపిక పట్టు."

ఆఖరి పరీక్ష నాకు భలే వింతగా ఉండేది. మూరకొక చోట వేలితో ఒక్క నీటిచుక్క వేసి, గొంతుక్కూర్చుని చూసేవాడు. నేల దాన్ని తాగేస్తే పూతను పట్టుకుంటుంది. చుక్క ముత్యంలా నిలబడిందా, అక్కడ నూనో మురికో ఉన్నట్టు. నేనూ పక్కన కూర్చుని చూసేదాన్ని. రాయి నీళ్ళు తాగడమేమిటని నా తల తిరిగిపోయేది.

పూత వేసే రోజు శుక్రవారం. అందరికన్నా ముందు నేనే వచ్చాను. కొత్త నేల, మొదటి రోజు, గడప బోసిగా ఉంది. చేతులు ఊరుకోలేదు. తలుపు లోపల నాలుగు చెంబుల నీళ్ళు చల్లి ఎనిమిది రేకుల పద్మం ముగ్గు వేశాను. వేశాక గుర్తొచ్చింది. చుక్క నీరు పడొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పాడు! గుడ్డతో తుడిచాను, చీపురుతో ఊడ్చాను. కంటికి ఏమీ కనిపించలేదు.

మేస్త్రి వచ్చాడు. షెడ్డంతా చుక్కలు వేసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఈడ ఏమన్న నీళ్ళు పడ్డయా చెల్లె?"

"లేదన్నా. పొద్దుగాల్నుంచి నేనీడనే ఉన్న గద."

అక్కడ చుక్క వేయలేదు. నా మాట చాలనుకున్నాడు. రెండు డబ్బాల పూత కలిపాడు. కలిపిన పూత గట్టిపడకముందే పూయాలి.

నెల తిరగలేదు. మరిగిన రంగునీళ్ళు పడగానే తలుపు దగ్గర పొక్కులు లేచాయి. వాటి కిందికి నీళ్ళు దూరి షెడ్డు ముందు భాగమంతా పూత ఊడింది. షావుకారు పదిమందిలో తిట్టాడు. నేను బజారులో ఎవరినైనా నిలదీసేదాన్ని, ఆ పూట మాత్రం నా నోరు లేవలేదు. మేస్త్రి ఒక్కటే అన్నాడు, "పరీక్ష జెయ్యకుంట పూసిన. తప్పు నాదే."

మర్నాడు మేము వచ్చేసరికే తలుపు దగ్గరి పూతంతా ఒక్కడే గీకేశాడు. నేల మళ్ళీ మొదటి నుంచి తయారుచేశాం. ఈసారి నీళ్ళ చెంబు నా చేతికి ఇచ్చాడు. "చుక్క ఏసి నువ్వే సూడు చెల్లె. నన్ను గూడ నమ్మకు." ఆ పూత ఏళ్ళ తరబడి నిలిచింది. అయినా ఊరు మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంది. రెండేళ్ళు ఎవరూ ఆయన్ని పూతపనికి పిలవలేదు, గోడలకు సిమెంటు మెత్తే గిలాబు పని చేసుకుని బతికాడు. నా అబద్ధం ఆయనకు తెలుసో తెలియదో అని ఇన్నేళ్ళూ లోలోపల మథనపడ్డాను. అడగలేదు.

ఇదంతా చెప్పి ముగించాను. కాంట్రాక్టరు లేచి, "తెల్వక అన్న అవ్వా," అన్నాడు. గడపలో కూర్చుని విన్న మేస్త్రి భార్య లోపలికి వెళ్ళి, పాత పెట్టెలోంచి గుడ్డ మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదేందని నేను ఎప్పుడడిగినా, 'దీంట్ల ఒకల మాట ఉన్నది, పారెయ్యకు' అనేటోడు. ఆ ఒకలు నువ్వే కావచ్చు వదినా."

విప్పాను. అరచేయంత ఆకుపచ్చ పూత పెంకు, అంచులు ముడుచుకుని ఉంది. తిప్పి చూస్తే వెనకవైపు, మసకగానే అయినా, నా పద్మంలోని రెండు తెల్లటి ముగ్గు రేకులు.