పోటు నీళ్లు

నరసాపురం రేవులో పడవ ఎక్కాను. మాది అనంతపురం, సముద్రం పోటెత్తితే నది వెనక్కి నడవడం ఆ రేవులోనే మొదటిసారి చూశాను. పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ వంగి, దోసెడు నీళ్లు తీసి చెంపలకు అద్దుకుంది.

"గోదారమ్మకు మొక్కా అండీ?" అన్నాను.

"కాదండి. మా ఆయన కోసం."

ఆయన మిలిటరీలో వంటవాడట. యుద్ధంలో కొండ మీది జవాన్లకు అన్నం మోసుకెళ్తుంటే మంచు విరిగిపడింది. మనిషి దొరకలేదు.

"ఆ మంచు ఎప్పటికైనా కరుగుద్ది కదండి. ఏ ఏట్లోనో పడి సముద్రానికి వస్తాడు. పోటుకి సముద్రం మా రేవుకే వస్తది."

నేనూ చెయ్యి ముంచాను.

"నీళ్లు వెచ్చగా ఉన్నాయమ్మా."

"ఇక్కడికొచ్చేసరికి చలి వదిలిపోద్దండి," అంది, తడి చెంపలు తుడుచుకోకుండానే.