కల్యాణ మండపం మీదుగా వెళ్లిన విమానం

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. ఆకుని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి కనిపించింది మాత్రమే రాయండని పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. అందుకే ఇక్కడ కూడా నేను చూసింది, విన్నది మాత్రమే రాస్తాను. ఆ రోజు నాతో పాటు మా ఊళ్లో చాలామంది విన్నారు. అడిగితే వాళ్లూ ఇదే చెబుతారు.

ముందు మా పెదనాన్న గురించి చెప్పాలి. ఆయన హైస్కూలు చదువు అవగానే వైమానిక దళంలో చేరి, ఇంజన్ల మెకానిక్‌గా పనిచేసి, తణుకు దగ్గర మా ఊరికి తిరిగొచ్చేశారు. వచ్చేటప్పుడు ఒక రేకు పెట్టె నిండా ఫొటోలు తెచ్చుకున్నారు. అన్నీ విమానాలే. తాను చెయ్యి పెట్టిన ప్రతి విమానాన్నీ, చూసిన ప్రతి విమాన ప్రదర్శననీ ఫొటో తీసేవారట. రెండు రెక్కల పాత శిక్షణ విమానాలు, లావుపాటి డకోటాలు, బాణం ఆకారంలో ఎగిరే జెట్లు, గొడుగులేసుకుని పైకి చూస్తున్న జనం.

ఆ ఫొటోలు ఎవరికైనా చూపించాల్సిందే. పాలు పోయడానికొచ్చినవాళ్లకీ, పోస్టుమ్యాన్‌కీ, పెళ్లి చూపులకని పక్కింటికొచ్చిన చుట్టాలకీ. "అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి" అంటూ ఒక్కొక్కటీ చేతికిచ్చేవారు. ఏ విమానం ఎలా మోగుతుందో నోటితో చేసి వినిపించేవారు. మా దొడ్డమ్మ వంటింట్లోంచి విసుక్కునేది గానీ, ఫొటోలు చూస్తున్నవాళ్లకి రెండోసారి కాఫీ కూడా ఆవిడే పంపేది.

2001 వానాకాలంలో పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. నెలలు గడిచేసరికి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగారు గానీ, నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆయనకి ఇష్టమైనవి చూపిస్తూ, మాట్లాడిస్తూ ఉండమని డాక్టరు చెప్పారు. దొడ్డమ్మ రోజూ ఆ ఫొటోలు తీసి ఎడమ చేతిలో పెట్టేది. ఆయన ఒకసారి చూసి మంచం మీద వదిలేసి, మొహం గోడ వైపు తిప్పుకునేవారు. ఊరందరికీ పిలిచి చూపించిన మనిషి అలా వదిలేస్తుంటే ఆవిడ చూడలేకపోయేది.

ఆయన చూపు కూడా మందగించిందనీ, అరచేతిలో పట్టే ఫొటో ఆయనకి ఆనడం లేదనీ నాకు అనిపించింది. మా డిపార్ట్‌మెంట్‌లో పాఠాలకు వాడే స్లైడ్ ప్రొజెక్టరు ఉంది. ఈ ఫొటోలన్నీ స్లైడ్లు చేయించి, గోడంత పెద్దగా వేసి చూపిస్తే? ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఫొటోలు రాజమండ్రి తీసుకెళ్లి, తెలిసిన స్టూడియోలో ఒక్కొక్కటీ మళ్లీ ఫొటో తీయించాను. స్లైడ్లు హైదరాబాద్ నుంచి తయారై వచ్చాయి. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తుంటే, అగ్గిపెట్టె అంత అట్ట చట్రంలో విమానం, దాని కింద గడ్డి పరకలు కూడా విడివిడిగా కనిపించాయి. ప్రిన్సిపాల్ గారి అనుమతితో ప్రొజెక్టరు బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. రావులపాలెంలో అరటిపళ్ల బుట్టలతో ఎక్కిన ఆవిడ, "ఏంటమ్మా అది, కుట్టు మిషనా?" అని అడిగితే, విమానాలు చూపించే మిషనండి అని చెప్పాను. ఆవిడ దిగేదాకా నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది.

మరుసటి ఏడు ఆషాఢం కావడంతో పెళ్లిళ్లు లేవు, ఊళ్లో కల్యాణ మండపం ఖాళీగా ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అని చెప్పాం. రెండు పంచెలు కలిపి కుట్టి తెర కట్టాం. వెలుతురు రాకుండా కిటికీలకి బరకాలు వేశాం. జనం వస్తారో రారో అనుకున్నాను గానీ, కుర్చీలు చాలక వెనక గోడ దాకా నిలబడ్డారు. పెళ్లిళ్లకి వీడియో తీసే సత్తిబాబు తనంతట తానే కెమెరా తెచ్చుకున్నాడు. "మాస్టారి ప్రోగ్రాం అంటే నేను లేకపోతే ఎలాగండి?" అన్నాడు. ఊళ్లో పెదనాన్నని అందరూ మాస్టారనే అంటారు.

పెదనాన్నని ముందు వరసలో కూర్చోబెట్టాం. మొదటి స్లైడు వేయగానే హాల్లో గుసగుసలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వేళ్ల మధ్య పట్టుకుని చూసిన డకోటా గోడంత అయ్యి నిలబడింది. తర్వాత జనం మళ్లీ మొదలెట్టారు. ఇది నాకు చూపించారు, ఇది మా నాన్నకి చూపించారు, దీని కథ ఇదీ అంటూ పెదనాన్న చెప్పిన మాటల్ని వాళ్లే పైకి చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆయన్నే చూస్తున్నాను. తెర మీంచి ఆయన కళ్లు పక్కకి పోలేదు.

చివర్లో ఒక ప్రదర్శన ఫొటో ఉంది. ఒకే ప్రొపెల్లరున్న శిక్షణ విమానం జనం తలల మీదుగా బాగా కిందికొచ్చి వెళుతోంది. నలుపూ తెలుపూ ఫొటోనే గానీ అది పసుపుపచ్చ విమానమని ఆయన చెప్పేవారు. ఆ స్లైడు వేశాను.

కాసేపటికి పెదనాన్న ఎడమ చెయ్యి పైకెత్తారు, మాట్లాడొద్దని చెబుతున్నట్టు. అప్పుడు నాకూ వినిపించింది. మొదట ప్రొజెక్టరులో ఫ్యాను పాడైందనుకున్నాను. చెవి దగ్గర పెట్టి విన్నాను, అది కాదు. చప్పుడు బయటనుంచి, కాలవ పక్క కొబ్బరితోట వైపు నుంచి వస్తోంది. రైస్ మిల్లు ఇంజను లాంటి మోత, దాని మీద గుడ్డ చించుతున్నట్టు గరగరమనే మరో శబ్దం. చూస్తుండగా పెరిగిపోయింది. పైన రేకులు అదిరాయి.

కుర్చీలు తోసుకుంటూ అందరూ బయటికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. భయంతో కాదు, సంబరంతో. మాస్టారి సినిమా చూస్తుంటే నిజం విమానమే వచ్చిందని పిల్లలు కేకలు పెడుతున్నారు. రైతు సుబ్బరాజు గారు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆయ్, చేలకి మందు కొట్టే విమానం అండి, మళ్లీ మొదలెట్టినట్టున్నారు" అన్నారు.

ఆకాశంలో ఏమీ లేదు. ఆ రోజు మబ్బు కూడా పెద్దగా లేదు. మోత మాత్రం మా నెత్తి మీదుగా కొబ్బరితోట వైపు నుంచి వాటర్ ట్యాంకు వైపు వెళ్లింది. ఎటు వెళుతోందో వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా వెళ్లింది. పక్కనే ఆకుమడిలో కొంగలున్నాయి. ఒక్కటి కూడా ఎగరలేదు. గట్టు మీద గేదె నెమరు వేస్తూనే ఉంది. తుఫాను అప్పుడు హెలికాప్టరు వస్తే ఈ గేదెలే పలుపులు తెంపుకున్నాయి.

మోత తగ్గిపోయింది. జనం ఇంకా ఆకాశం వెతుకుతున్నారు. అప్పుడు నా వెనక మాట వినిపించింది.

"హార్వర్డ్."

పెదనాన్న కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ చివరి ఫొటోలోని శిక్షణ విమానం పేరు అది. దొడ్డమ్మ ఆయన భుజం పట్టుకుని, "ఏంటండీ, ఏమన్నారు? ఇంకోసారి అనండి" అంటోంది.

"ఉండండి," అన్నారాయన. మాట ముద్దగా ఉంది గానీ అందరికీ అర్థమైంది. "మళ్లీ వస్తాడు."

ఎవరూ కదల్లేదు. వాటర్ ట్యాంకు అవతల నుంచి మోత మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా కిందుగా, ఇంకా దగ్గరగా వచ్చింది. నా పక్కటెముకల్లో తెలిసింది ఆ అదురు. పెదనాన్న తల దానితో పాటే తిరిగింది. ఎడమ చెయ్యి పైకెత్తి ఊపారు. ఆయన్ని చూసి పిల్లలు చేతులూపారు. ఆ తర్వాత ఊరంతా, కనిపించని దానికి చేతులూపాం. దొడ్డమ్మ మెట్ల మీద కూలబడి ఏడుస్తూ నవ్వుతోంది.

మర్నాడు తెలిసినవాళ్ల ద్వారా రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టులో అడిగించాను. ఆ మధ్యాహ్నం మా వైపు ఏ విమానమూ రాలేదన్నారు. మా ఊరికి ఆనుకునే ఉన్న పక్క ఊళ్లో ఎవరూ ఏమీ వినలేదు.

పెదనాన్నకి మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. డాక్టరు ఆశ్చర్యపోలేదు. ఒక్కోసారి అలా జరుగుతుందన్నారు. కావచ్చు. దసరా నాటికి పదాలు కలిపి మాట్లాడుతున్నారు. అప్పుడు అడిగాను, వస్తాడన్నారు, ఎవరు పెదనాన్నా అని.

"ఆ చివరి ఫొటోలో విమానం నడుపుతున్నాడే, ఆ పైలట్. పెద్ద ఆఫీసర్ల ముందు ఆటంతా అయిపోయాక మా షెడ్డు మీదుగా ఇంకోసారి వచ్చేవాడమ్మా. మెకానిక్కులం మేం అక్కడ నిలబడేవాళ్లం. ఆ రెండోది మా కోసం."

"ఇప్పుడెక్కడున్నారాయన?"

"ఎప్పుడో పోయాడు," అన్నారు మామూలుగా. అంతకు మించి ఎంత అడిగినా చెప్పలేదు. మరో నాలుగేళ్లు ఉండి, వచ్చినవాళ్లందరికీ ఫొటోలు చూపించి, ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు.

సత్తిబాబు ఆ రోజంతా కెమెరా ఆపలేదు. ఆ క్యాసెట్టు నా దగ్గరుంది. చాలాసార్లు చూశాను. అందులో ప్రొజెక్టరు ఫ్యాను వినిపిస్తుంది, కుర్చీలు పడటం, పిల్లల కేకలు, సుబ్బరాజు గారి మాట అన్నీ వినిపిస్తాయి. విమానం మోత లేదు. మైకు ఎందుకు పట్టలేదో తెలీదు గానీ, నేను చెవులారా విన్నానని సత్తిబాబు ఒట్టు పెడతాడు.

కానీ మనుషులు కనిపిస్తారు. అంతమంది తలలూ కలిసికట్టుగా కొబ్బరితోట నుంచి ట్యాంకు వైపు తిరుగుతాయి. తర్వాత పెదనాన్న గొంతు, "ఉండండి, మళ్లీ వస్తాడు." ఆ తర్వాత క్యాసెట్టులో నిశ్శబ్దం. ఒక కొంగ నెమ్మదిగా అడుగు వేస్తుంది. ఎవరూ ఎవరికీ ఏ సైగా చెయ్యరు. అంతలో తలలన్నీ ఒకే క్షణాన పైకి లేస్తాయి.

ఆ మోత మా భ్రమేనని ఎవరైనా అనగలరేమో. ఏ చప్పుడూ లేని ఆ క్షణంలో అన్ని తలలూ ఒక్కసారిగా ఎందుకు లేచాయో, అక్కడే ఉండి తలెత్తిన నేను ఇప్పటికీ చెప్పలేను.