బాకుకు రెండో పదును

ఆ ఫోర్‌మన్ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలనీ లేదు.

మాది కమ్మరి ఇల్లు. మూడో తరగతిలోనే బడి మానేసి కొలిమి తిత్తి పట్టినవాడిని. హాయిల్ దగ్గర గోధుమ పొలాల్లో ఇనుప పని ఉందంటే సౌదీ వెళ్లాను. అకామా అనే అక్కడి పర్మిట్ కార్డులో హద్దాద్ అని, అంటే కమ్మరి అనే రాశారు. దిగిన మర్నాడే యూరియా బస్తాలు మొయ్యమన్నారు. షెడ్డు మూలన ఇనుము పెట్టి కొట్టే దాగలి, కొలిమి దుమ్ముకొట్టుకుని ఉండేవి. రెండేళ్లు వాటి పక్క నుంచే బస్తాలు మోశాను.

ఆ పొలాల నీటి పంపులు చూసే ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. స్కాట్లాండ్ మనిషి. వాళ్ల ఊళ్లో ఆయన కూతురి పెళ్లి. వాళ్ల దేశంలో పెళ్లికి మగవాళ్లు కుచ్చిళ్ల గౌనులాంటిది కట్టి, నడుముకు బాకు పెట్టుకుంటారట. అది చేసేవాళ్లున్నారా అని మా కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని, అడిగాడు. కఫీల్ నన్ను పిలిపించి, బాగా చేస్తే దాగలి నీదే, ఇక బస్తాలు లేవు అన్నాడు. ఆ మాట నాకు తెలుగులో చెప్పింది ఫోర్‌మనే. గోదావరి వైపు మనిషి, డిప్లొమా చదివాడు.

ఇంజనీరు అట్ట మీద బొమ్మ గీసిచ్చాడు. తిన్నని అలుగు, ఒక పక్కే పదును, రెండో పక్క మందమైన వెన్ను, దాని మీద వరసగా సన్నని గాట్లు. పట్టుకునేటప్పుడు బొటనవేలు ఆ వెన్ను మీద ఆనుతుందని తన వేలితో చూపించాడు కూడా.

సెలవు రోజులైన ఐదు శుక్రవారాలు కూర్చున్నాను. లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి సాగగొట్టాను. పిడికి తల్హ్ కట్టె, అది మన తుమ్మలాంటిదే. ఆకురాయితో వెన్ను మీద నలభై రెండు గాట్లు పెట్టాను, గాటుకూ గాటుకూ మధ్య బియ్యపు గింజంత ఎడం. అలుగును నూనెలో ముంచి తీసి, మళ్లీ సన్నసెగ మీద గడ్డిరంగు తిరిగేదాకా కాచాను. వంచితే వంగి, వదిలితే టక్కున లేచేది.

ఇచ్చే రోజుకు ముందురోజు నన్ను బస్తాలకు పంపి, ఫోర్‌మన్ దాన్ని గ్రైండింగ్ మిషన్ మీద పెట్టాడు. నేను తిరిగొచ్చేసరికి వెన్ను లేదు. గాట్లు లేవు. రెండు పక్కలా పదును. వేడికి మొన వైపు సగం నీలంగా మాడిపోయింది.

"ఏం జేసినవ్ సారూ?"

"అరబ్బుల బాకు, ఖంజర్‌కి రెండు పక్కలా పదునుంటదయ్యా. ఇక్కడెవర్నైనా అడుగు. నువ్వు సగంలో వదిలేశావ్, నేను పూర్తి చేశాను."

"ఇది ఖంజర్ గాదు. బొమ్మ నీ బల్ల మీదనే ఉండె గదా, జూడలేదా?"

"మూడో క్లాసోడివి, నాకు డ్రాయింగు నేర్పుతావా?"

"డ్రాయింగు నీకే రావాలె. కండ్లన్న ఉన్నయా? నీలం తిరిగింది జూడు. ఇనుము సచ్చిపోయింది."

"మెరుస్తోంది కదా! రేపు నోరు మూసుకుని నిలబడు. దాగలి కావాలా, వద్దా?"

మర్నాడు కఫీల్, ఇంజనీరు వచ్చారు. కఫీల్ రెండు పదునులూ చూసి మురిసిపోయాడు. "జైన్, జైన్", బాగుంది బాగుంది అని నా భుజం తట్టి, దాగలి వైపు చెయ్యి చూపించాడు. తర్వాత ఇంజనీరు అందుకుని, తనకు అలవాటైన చోట బొటనవేలు ఆనించాడు. రక్తం చిమ్మింది. పాపం ఆయన వేలు నోట్లో పెట్టుకుని, "వెరీ నైస్" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. బాకును ఆయన చేతిలోంచి లాక్కుని, మొనను బెంచీ మీది వైస్‌లో బిగించి ఒక్క గుంజు గుంజాను. అది డబ్బా రేకులా వంగి, అలాగే ఉండిపోయింది.

"ఇది నా పని గాదు! వెన్ను గీకింది ఈయన!" అని నాకొచ్చిన హిందీలో, అరబీలో అరిచాను.

కఫీల్ మొహం మాడింది. "యల్లా, బర్రా!" అని నన్ను బయటికి పొమ్మన్నాడు. ఇంజనీరుకు తెల్లవారే విమానం. ఇంకోటి చేసే వ్యవధి లేదు. ఆయన అడిగితే పిడి ఊడదీసిచ్చాను. తన ఊళ్లో వేరే అలుగు పెట్టించుకుంటానన్నాడు. నేను చెక్కిన పిడిలో ఇంకెవరో కొట్టిన అలుగు.

వాళ్లు వెళ్లాక ఫోర్‌మన్ అన్నాడు, "నోరు మూసుకునుంటే దాగలి నీదయ్యేది కదరా."

నిజమే. నన్ను ఎక్కువ కాల్చింది ఆ నిజమే.

సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేశాను. ఇంటి దగ్గర నాకు ఎదురు నిలబడి సమ్మెట వేసింది ఆవిడే. అంతా విని ఒకటే అడిగింది.

"ఒంచినంక మళ్ల లేచిందా అది?"

"లేవలె."

"మరి గసోంటిది ఎట్ల ఇస్తవ్? వానికి అన్నం గంటె గూడ చేతికియ్యకుండ్రి, దానికీ రెండు దిక్కుల పదును వెడ్తడు. నువ్వు బస్తాలు మొయ్యి తియ్యి."

తెల్లారి యూరియా లారీ వచ్చింది. ఫోర్‌మన్ నా మొహం చూడకుండా బస్తాల వైపు వేలు చూపించాడు. ఎత్తుకున్నాను. ఇంకో పదమూడు నెలలు ఎత్తాను, వాడితో ఒక్క మాట మాట్లాడకుండా.