అయివోరి కూతురి పెళ్లికార్డు

1999వ సంవత్సరం. ఏడో తరగతి తప్పి బడి మానేసిన నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో కంప్యూటరు ముందు కూర్చున్నానంటే, దానికి మనుషులను ఎంచుకునే తెలివి లేదని అర్థం.

ఉదయగిరి నుంచి బడిపంతులు దేవదానం అయివోరు ఒక ఫ్లాపీ తెచ్చారు. అందులో కూతురి పెళ్లికార్డు, పీడీఎఫ్‌లో ఉంది. పీడీఎఫ్ అంటే తాళం వేసిన అద్దాల బీరువా. సరుకు కనబడుతుంది, చెయ్యి పెట్టలేం. దాన్ని దిద్దుకునే ఫైలుగా మార్చడానికి కన్వర్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. మార్చి చూశాను. ఇంగ్లీషు, తేదీ నిక్షేపంగా వచ్చాయి. తెలుగంతా కోడి గెలికినట్టు వచ్చింది. అప్పటి తెలుగు ఫాంట్లు దానికి అంతుపట్టేవి కావు.

“దీనికి నాకంటే చదువు తక్కువ అయివోరూ. మొత్తం మళ్లీ టైపు కొట్టాల్సిందే. ఏం మార్చాల?”

“నా పేరు ముందర కీర్తిశేషులు అని పెట్టు. పిలిచేవాళ్ల చోట నా భార్య సారమ్మ పేరు ఒక్కటే ఉండాల.”

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. “బతికుండే మనిషికి ఆ మాట కొట్టేదానికి నాకు చెయ్యి రాదు.”

“పెళ్లిదాకా ఉండనని డాక్టరు చెప్పేసినాడబ్బయా. నేను పోతే మా తమ్ముడు తన పేరు వేయించుకుంటాడు. మొగుడు పోయిన ఆడది శుభానికి పిలవకూడదంటాడు. ఎన్ని ప్రార్థనలు చేసినా మా ఇళ్లల్లో ఆ పట్టింపు పోలా. సారమ్మ ఎదురు చెప్పే మనిషి కాదు. నేనుండంగానే కొట్టు. డాక్టరు మాట తప్పయితే పాతదే వేద్దువులే.”

పక్కనే కూర్చుని, దగ్గుతూ, అక్షరం అక్షరం సరిచూశారు. అచ్చుకు వెళ్లేముందు తీసే ప్రూఫు కాగితం మీద సంతకం పెట్టి వెళ్లారు.

డాక్టరు మాట తప్పు కాలేదు. సమాధి కార్యక్రమం అయిన వారానికి సారమ్మగారు మరిదితో వచ్చారు.

“మా అన్న పోయినాడు. పిలిచేవాళ్ల చోట నా పేరు వెయ్యి,” అన్నాడాయన.

ప్రూఫు తీసి ముందు పెట్టాను.

“ఇదేంది? ఎవరు కొట్టమన్నారు?”

“కింద సంతకం చూడన్నా.”

చూసి, బయటికి పోయి నిలబడ్డాడు. ప్రూఫు మీద సంతకం ఎందుకు పెట్టించుకుంటామో నాకు ఆ రోజే తెలిసింది.

సారమ్మగారు కాగితం చేతిలోకి తీసుకుని మొదటినుంచి చదివారు. నా నోరు ఊరుకోలేదు.

“ఇంకేమన్నా మార్చాలంటే చెప్పమ్మా, ఏదైనా మార్చేస్తా.”

భర్త పేరు ముందున్న మాట మీద ఆమె వేలు పెట్టారు.

“అయితే ఇది తీసెయ్ నాయనా.”